చేతితో గీసిన నేల: మూసీ, ఈసీల నడుమ పాత పటాల పని

నేల ఎత్తుపల్లాలను కాగితం మీద చూపే పటాన్ని నైసర్గిక పటం అంటారు. మామూలు పటంలో ఊళ్ళు, హద్దులు, రహదారులు కనిపిస్తాయి. నైసర్గిక పటంలో వాటికి తోడు గుట్ట ఎంత ఎత్తు, వాగు ఎటు పారుతుంది, చెరువు కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, అడవి అంచు ఎంతవరకు, ఊరి బావి ఎక్కడ అన్నవి కూడా తెలుస్తాయి. విమానాల నుంచి ఫోటోలు తీయడం, ఉపగ్రహాలను పంపడం మొదలుకాక ముందు ఈ పటాలన్నిటినీ మనుషులే ఊరూరా నడిచి, కొలిచి, చేత్తో గీశారు. వాటికి వయసు మీరింది గానీ పని తీరలేదు. చెరువు జాడ తెలుసుకోవాలన్నా, పొలం గట్టు తగాదా తేలాలన్నా, వాననీరు ఏ దారిన వస్తుందో అంచనా వేయాలన్నా అధికారులు, ఇంజినీర్లు, పరిశోధకులు ఈనాటికీ ఆ కాగితాలనే ముందు వేసుకుంటున్నారు.

ఈ సంగతి అర్థం కావడానికి రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ మండలంలోని ముడిమ్యాల పరిసరాలు మంచి ఉదాహరణ. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్ళే దారిలో, మొయినాబాద్‌కూ చేవెళ్ళకూ నడుమ ఈ ఊరు ఉంది. ఈ ప్రాంతానికి ఉత్తరాన మూసీ, దక్షిణాన ఈసీ పారుతాయి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, ఈసీ మీద హిమాయత్‌సాగర్ ఉన్నాయి. ఆ రెండు ఆనకట్టలు దాటాక, లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ వద్ద ఈసీ వచ్చి మూసీలో కలుస్తుంది. ఇక్కడి చెలకల మీద పడ్డ వాన కుంటలు, వాగుల మీదుగా ఈ రెండు జలాశయాల వైపే నడుస్తుంది. అందుకే ఈ సీమ ఎత్తుపల్లాల లెక్క ఇక్కడి రైతుకు ఎంత అవసరమో హైదరాబాద్ నగరానికీ అంతే అవసరం.

కొలత మొదలైన తీరు

దక్కన్‌లో శాస్త్రీయంగా భూమి కొలవడం పద్దెనిమిదో శతాబ్దం చివర మొదలైంది. 1792 తర్వాత కాలిన్ మెకంజీ నిజాం రాజ్యంలో సర్వే పని చేపట్టాడు. 1815లో ఆయనే భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన పనికి అండగా నిలిచినవారు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. వారు ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్ళు తీశారు, కైఫీయతులు, అంటే గ్రామ చరిత్రలు సేకరించారు, భాష తెలియని దొరకూ గ్రామస్థులకూ మధ్య మాట కలిపారు. పటం మీది గీతకు ఊరి పేరు, చరిత్ర తోడైంది వారి వల్లనే.

మరోవైపు విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఒక ఆధారరేఖను కొలిచి, మహా త్రికోణమితి సర్వేకు పునాది వేశాడు. ఆ సర్వే పద్ధతి ఇది: నేల మీద ఒక గీతను గొలుసుతో ఎంతో జాగ్రత్తగా కొలుస్తారు. దాని రెండు కొసల నుంచి దూరాన ఉన్న కొండ శిఖరానికి కోణాలు చూస్తారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజంలో మిగతా భుజాలు లెక్కకు వస్తాయి. అలా వచ్చిన కొత్త భుజం మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి కట్టుకుంటూ పోతే దేశమంతా నడిచి కొలవకుండానే దూరాలు తెలుస్తాయి. అయితే పొరపాట్లు పేరుకుపోకుండా అక్కడక్కడా నేల మీద మళ్ళీ ఆధారరేఖ కొలిచి సరిచూసుకోవాలి. గుత్తి దగ్గర 1811లో, బీదర్ దగ్గరి దామరగిద్దలో 1815లో లాంబ్టన్ చేసింది అదే. చేవెళ్ళ మండలంలోనూ ఒక దామరగిద్ద ఉంది, నారాయణపేట వైపు ఇంకొకటి ఉంది. ఒకే పేరున్న ఊళ్ళను విడదీసి చెప్పగలిగేది పటం మీది అక్షాంశ రేఖాంశాలే.

లాంబ్టన్ దక్షిణం నుంచి ఉత్తరానికి సాగించిన ఈ త్రిభుజాల వరుస 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి దగ్గరగా నడిచింది. చేవెళ్ళ ఆ రేఖాంశానికి కొద్ది దూరంలోనే, తూర్పున ఉంది. 1818 చివర జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్‌లో లాంబ్టన్ దగ్గర పనిలో చేరాడు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తూ ఆయనా, ఆయన వెంట ఉన్నవారిలో చాలామందీ జ్వరాల పాలయ్యారు. భూగోళపు ఆకారానికి ఆయన 1830లో ఇచ్చిన లెక్క భారతదేశపు పటాలకు చాలాకాలం ప్రాతిపదికగా నిలిచింది. నిజాం రాజ్యపు నైసర్గిక సర్వేను 1816లో జేమ్స్ గార్లింగ్ ప్రారంభించాడు. పని పూర్తికాక ముందే ఆయన చనిపోయాడు, తర్వాత వచ్చిన వారు పని కొనసాగించారు. పాత పటాల మీది ప్రతి గుట్ట వెనకా ఇలాంటి శ్రమ ఉంది. బరువైన పరికరాలను కొండ మీదికి మోసిన ఖలాసీల పేర్లు మాత్రం పటం అంచున ఎక్కడా కనిపించవు.

ఒక షీటు తయారయ్యే విధం

త్రికోణమితి సర్వే ఇచ్చేవి కొన్ని స్థిర బిందువులు మాత్రమే. వాటి మధ్య ఉన్న నేలను నింపేది ప్లేన్ టేబుల్ సర్వే. ప్లేన్ టేబుల్ అంటే మూడు కాళ్ళ మీద నిలిపే చదునైన బల్ల. దాని మీద కాగితం బిగించి, ముందుగా తెలిసిన శిఖరాల స్థానాలను గుర్తిస్తారు. సర్వేయర్ ఒక గుట్ట ఎక్కి బల్లను మట్టసంగా నిలిపి, దిక్సూచితో ఉత్తరానికి తిప్పుకుంటాడు. కాగితం మీద ఒక శిఖరపు చుక్కకు చూపుపట్టీని ఆనించి, దాని సందులోంచి ఎదురుగా కనిపించే అదే శిఖరాన్ని చూసి, తనవైపు ఒక గీత లాగుతాడు. రెండో శిఖరానికి, మూడో శిఖరానికి అలాగే చేస్తాడు. మూడు గీతలూ ఒక్కచోట కలిస్తే తాను నిలబడిన చోటు అదే. సాధారణంగా మొదటిసారి అవి కలవవు. చిన్న ముక్కోణం ఏర్పడుతుంది. బల్లను కొద్దికొద్దిగా తిప్పుతూ ఆ ముక్కోణం చుక్కగా మారేదాకా సరిచేస్తాడు.

నిలబడిన చోటు దొరికాక చుట్టూ కనిపించే చెరువు, గుడి, ఊరు, వాగు మలుపులకు చూపుగీతలు లాగుతాడు. మరో చోటి నుంచి వాటికే ఇంకో గీత లాగినప్పుడు రెండు గీతలు ఖండించుకున్న చోట ఆ వస్తువు కాగితం మీదికి వస్తుంది. వాలుకోణం కొలిచే క్లైనోమీటరుతో ఎత్తులు లెక్కగడతాడు. ఆ ఎత్తులను ఆధారంగా పెట్టుకుని, ఎదురుగా ఉన్న నేలను కంటితో చూస్తూ సమోన్నత రేఖలు గీస్తాడు. సమోన్నత రేఖ అంటే ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీత. చెరువు నిండినప్పుడు నీటి అంచు నేల మీద గీసే గీత లాంటిదే అది. అంతకు ముందు తరం పటాల్లో కొండలను సన్నని పొట్టిగీతల నీడలతో చూపేవారు. అవి కంటికి ఇంపుగా ఉండేవి గానీ ఎత్తు ఎంతో చెప్పేవి కావు.

నేల మీద తిరిగి గీసిన కాగితం కార్యాలయానికి చేరాక నిపుణులైన చిత్రకారులు నీరు, ఎత్తులు, ఊళ్ళు, అడవులకు వేర్వేరు నకళ్ళు సిరాతో గీసేవారు. అచ్చు వేసే కొలత కంటే పెద్దగా గీసి, ఫోటో ద్వారా తగ్గించి ముద్రించేవారు. అలా తగ్గించడం వల్ల చేతి వణుకు కూడా తగ్గి గీత నాజూకుగా వచ్చేది.

షీటు నంబరు, రంగులు, కొలత

1905 తర్వాత సర్వే ఆఫ్ ఇండియా దేశాన్నంతా మైలుకు అంగుళం కొలతతో, రంగుల్లో మళ్ళీ సర్వే చేయాలని నిర్ణయించింది. దశాంశ పద్ధతి వచ్చాక ఆ కొలత 1:50,000గా మారింది. అంటే పటం మీద సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. ఈ పటాన్నే టోపోషీట్ అంటారు.

షీటు నంబరులోనే దాని చిరునామా ఉంటుంది. 56 అనే పెద్ద చదరం 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల, 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య నేలకు చెందుతుంది. దాన్ని డిగ్రీకొకటి చొప్పున పదహారు గళ్ళుగా విడదీసి, ఇంగ్లిషు అక్షరాలతో పేర్లు పెట్టారు. హైదరాబాద్, చేవెళ్ళ రెండూ ‘కె’ గడిలోకి వస్తాయి. ఆ గడిని మళ్ళీ పదహారు షీట్లు చేశారు. చేవెళ్ళ 56 కె/3 షీటులో, గండిపేట, హిమాయత్‌సాగర్‌లు 56 కె/7లో పడతాయి. అందుకే ఈ ప్రాంతపు వాగును మొదటి నుంచి జలాశయం దాకా చూడదలచినవారు రెండు షీట్లనూ అంచులు కలిపి పరచుకోవలసి వస్తుంది.

రంగులకూ అర్థం ఉంది. నీరు నీలం, అడవి పచ్చ, సాగుభూమి పసుపు, ఊళ్ళూ రోడ్లూ ఎరుపు, సమోన్నత రేఖలు గోధుమ రంగు. ఏడాదిలో కొంతకాలమే పారే వాగులను, ఎండిపోయే కుంటలను నల్లగీతతో చూపుతారు. చెరువు కట్ట పక్కన ఉండే చిన్న అంకె ఆ కట్ట చుట్టుపక్కల నేలకంటే ఎన్ని మీటర్లు ఎత్తో చెబుతుంది. చిన్న ముక్కోణం త్రికోణమితి సర్వే స్థిర బిందువుకు గుర్తు.

ఈ గుర్తులు చదవడం అలవాటైతే నేల తీరు కాగితం మీదే తెలుస్తుంది. ఎత్తులో 20 మీటర్ల తేడా ఉన్న రెండు సమోన్నత రేఖల మధ్య పటం మీద రెండు సెంటీమీటర్ల ఎడం ఉందనుకుంటే, నేల మీద కిలోమీటరు దూరంలో 20 మీటర్ల దిగుడు ఉన్నట్టు. అంటే యాభై అడుగులకు ఒక అడుగు వాలు. అదే ఎడం అర సెంటీమీటరే ఉంటే వాలు నాలుగు రెట్లు నిటారు. రేఖలు ఎగువవైపు కొసదేరి వరుసగా మలుపు తిరిగితే అక్కడ వాగు దారి ఉన్నట్టు. దిగువవైపు మలుపు తిరిగితే అది మెరక. రెండు మెరకల నడుమ లోతట్టున అడ్డంగా కట్ట వేసి నీళ్ళు నిలిపిన చోటే ఊరి చెరువు.

రెండో రకం: గ్రామ నక్షా

టోపోషీటులో పొలం హద్దులు ఉండవు. అవి గ్రామ నక్షాలో ఉంటాయి. హైదరాబాద్ రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో బొంబాయి పద్ధతిని అనుసరించి రెవెన్యూ సర్వే మొదలైంది. సర్వే చేసిన ప్రతి ఊరికీ ఒక నక్షా, ప్రతి సర్వే నంబరుకూ చేత్తో గీసిన కొలతల చిత్తు తయారయ్యాయి. ఆ చిత్తునే టిప్పన్ అంటారు. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు, శిస్తులతో తయారైన తొలి పట్టిక సేత్వార్. ఫసలీ 1317లో, అంటే 1907లో వచ్చిన భూమి శిస్తు చట్టం ఈ వ్యవస్థను స్థిరపరచింది.

కొలిచే సాధనం 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉన్న నేల ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. నలభై గుంటలు ఒక ఎకరం. గొలుసును పదహారు భాగాలు చేసి, రూపాయిలో లాగే వాటిని అణాలని పిలిచేవారు. పొలం నడుమగా గొలుసు పరచి, అక్కడి నుంచి కుడికీ ఎడమకూ గట్టు మలుపుల దాకా దూరాలు కొలిచి టిప్పన్‌లో రాసేవారు. నేటికీ మండల సర్వేయర్ హద్దు చూపాలంటే హద్దురాళ్ళను వెదకి, టిప్పన్‌లోని ఆ అంకెలనే నేల మీదికి మళ్ళీ దించుతాడు.

చెరువులు, వరదలు

పాత నైసర్గిక పటాల విలువ ఈ ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది నీటి విషయంలో. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచి వేలమందిని బలిగొంది. కారణాలు తేల్చి, రక్షణ సూచించమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరం దగ్గర నది ఎందుకు పొంగిందో తెలియాలంటే ఎగువన ఎంత నేల మీద పడ్డ నీరు అక్కడికి చేరుతుందో తెలియాలి. ఆయన పరిశీలనలో నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళని, అందులో 788 చెరువులు, కుంటలు ఉన్నాయని తేలింది. దాదాపు చదరపు మైలుకు ఒకటి. ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయి. ఒక కట్ట తెగిన నీరు దిగువ చెరువు మీద పడి, దాన్నీ తెంచుకుని, గొలుసుకట్టుగా నగరం మీదికి దూకింది. ఈ పరిశీలన ఫలితంగానే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ వరద తర్వాతే, 1912 నుంచి 1915 వరకు లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి గీసిన పటాలు తయారయ్యాయి. పాత హైదరాబాద్ మీద పరిశోధన చేసేవారికి అవి నేటికీ మొదటి ఆధారం.

పరీవాహక ప్రాంతాన్ని గుర్తించే పద్ధతి ఇప్పటికీ అదే. టోపోషీట్ మీద వాగులన్నిటినీ వాటి తలల దాకా గీసుకుని, రెండు వాగుల నడుమ మెరకల మీదుగా గీత లాగితే, ఏ వైపు పడ్డ నీరు ఏ నదికి పోతుందో తెలుస్తుంది. చేవెళ్ళ, మొయినాబాద్‌ల నడుమ ఆ గీత మూసీ నేలనూ ఈసీ నేలనూ విడదీస్తుంది. గండిపేట నిండు నీటిమట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల వరకు కాలుష్య పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నిలువరిస్తూ 1996 మార్చిలో జీ.ఓ. 111 వచ్చింది. దాని పరిధిలోకి 84 గ్రామాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ ప్రభుత్వం జీ.ఓ. 69 ఇచ్చింది. ఆంక్షల మీద వాదోపవాదాలు ఎలా ఉన్నా, నీరు ఏ ఊరి నుంచి ఏ వాగు గుండా జలాశయానికి చేరుతుందన్న ప్రశ్నకు జవాబు సమోన్నత రేఖల్లోనే ఉంది.

చెరువుల రక్షణలోనూ ఇదే జరుగుతోంది. తెలంగాణలో 46,531 చెరువుల పునరుద్ధరణకు 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. చెరువుకు పూడిక తీస్తే చాలదు, నీరు తెచ్చే వరద కాలువ కూడా తెరిచి ఉండాలి. పొలాల్లో కలిసిపోయిన, ప్లాట్ల కింద పూడిపోయిన కాలువలు పాత షీట్లలో నీలంగానో నల్లగానో గీతలుగా మిగిలి ఉన్నాయి. హైదరాబాద్ ప్రాంతపు చెరువుల రక్షణ చూసేందుకు 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా వంటి సంస్థలు చెరువు హద్దులు తేల్చేటప్పుడు సర్వే ఆఫ్ ఇండియా పటాలనూ, గ్రామ నక్షాలనూ, జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. సర్వేయర్లు ఎక్కువగా వానలు వెనకబట్టాక, పొడి నెలల్లో తిరిగేవారు. అప్పటికి నీరు తగ్గిన చెరువు పటం మీద చిన్నదిగా కనిపించవచ్చు. నీలంరంగు లేనంత మాత్రాన అక్కడ చెరువు లేదని కాదు, కట్ట గుర్తు ఉందా లేదా చూడాలి. నిండు నీటిమట్టం అలుగు ఎత్తును బట్టి తేలుతుంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ మట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్ల వరకు కట్టడాలు రాకూడదన్నది నిర్మాణ నియమం. టోపోషీట్ మీద అర మిల్లీమీటరు గీత నేల మీద 25 మీటర్లు. తొమ్మిది మీటర్ల తగాదాను ఆ గీత తీర్చలేదు. ఆ చోట చెరువు ఉండేదనీ, నీరు ఈ దారిన వచ్చేదనీ టోపోషీట్ చెబుతుంది. గజాల లెక్క కావాలంటే టిప్పన్ తీసి, అలుగు నుంచి మట్టం కొలవాలి.

హద్దులు, నక్షా బాటలు

తెలంగాణ పల్లెల్లో ‘నక్షా బాట’ అన్న మాట అందరికీ తెలుసు. గ్రామ నక్షాలో చుక్కల గీతలతో చూపిన బండ్ల బాట అది. భూముల ధరలు పెరిగిన ఊళ్ళలో ఇలాంటి బాటలు దున్నకంలో కలిసిపోయాయి, కంచెల లోపలికి వెళ్ళాయి. వెనక పొలానికి దారి లేకుండా పోయిన రైతుకు ఆ చుక్కల గీతే ఆధారం. చెరువు శిఖం (చెరువు లోపలి భూమి), ప్రభుత్వ పోరంబోకు, వాగు పోరంబోకు ఎంతవరకో కూడా నక్షా, సేత్వార్‌లే చెబుతాయి.

న్యాయస్థానాల్లోనూ ఈ పటాలకు విలువ ఉంది. ప్రభుత్వ అధికారంతో తయారైన పటం సరైనదేనని మొదట భావించాలని 1872 నాటి సాక్ష్య చట్టం 83వ సెక్షన్ చెప్పింది. ఏదో ఒక దావా కోసమే ప్రత్యేకంగా గీయించిన పటమైతే, అది సరైనదని నిరూపించాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ సూత్రాన్ని నిలిపింది. తగాదా పుట్టకముందే, ఎవరి పక్షమూ లేకుండా గీసిన గీత అన్నదే పాత పటానికి బలం.

నక్షా లేకపోతే ఏమవుతుందో కూడా తెలంగాణ చూస్తోంది. నిజాం కాలంలో సర్వే జరగక నక్షాలు లేకుండా మిగిలిన గ్రామాలు రాష్ట్రంలో 413 ఉన్నాయి. వాటిలో ఐదు ఊళ్ళలో 2025లో ప్రయోగాత్మకంగా రీసర్వే చేపట్టారు. అదే ఏడు అమలుకు వచ్చిన భూభారతి చట్టం భూమి లావాదేవీలకు సర్వే పటాన్ని జతచేసే ఏర్పాటు చేసింది.

రోడ్లు, చెట్లు, మారిన నేల

కాలువ తవ్వాలన్నా, రోడ్డు వేయాలన్నా ఇంజినీర్ల తొలి పని టోపోషీట్ పరచుకోవడమే. ఏ మెరక మీదుగా పోతే కోత తక్కువ, ఏ వాగు మీద వంతెన కావాలి అన్న అంచనా అక్కడే మొదలవుతుంది. హైదరాబాద్–బీజాపూర్ రహదారిలో అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు ఉన్న 46 కిలోమీటర్లు దీనికి మరో కోణం చూపాయి. ముడిమ్యాల మీదుగా సాగే ఈ దారికి ఇరువైపులా దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టవద్దని పర్యావరణవాదులు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళారు. ఒక్కో చెట్టునూ లెక్కించి, దాని చోటును పటం మీద గుర్తించడం ఆ ప్రయత్నంలో ముఖ్యమైన పని అయింది. ఏది ఎక్కడ ఉందో ముందు గీసి పెడితేనే తర్వాత దాన్ని కాపాడమని అడగగలరు.

పాత షీటు మీద నేటి ఉపగ్రహ చిత్రాన్ని పరిస్తే తరాల మార్పు ఒక్క చూపులో తెలుస్తుంది. పచ్చరంగు అడవి ఎంత తగ్గింది, పసుపు రంగు సాగుభూమి ఎంత ప్లాట్లయింది, తరి (మాగాణి) పొలం ఎక్కడ కుష్కి (మెట్ట)గా మారింది అన్నవి విస్తీర్ణాలతో సహా లెక్కకు వస్తాయి. భూగర్భజల నిపుణులకు, నేల తీరు చదివేవారికి సమోన్నత రేఖలే దారి చూపుతాయి. హైదరాబాద్ వైపు గ్రానైటు గుట్టలు గుండ్రంగా, విడివిడిగా ఉంటాయి. వికారాబాద్ వైపు పోయేకొద్దీ దక్కన్ లావా పొరల వల్ల మెరకలు చదునైన తలలతో ఉంటాయి. రాయి మారితే బావిలో నీటి తీరూ మారుతుంది.

చరిత్రకారులకు ఇవి ఊరి పేర్ల నిఘంటువులు. మొయినాబాద్ మండలంలోని కనకమామిడి, తోల్కట్ట పేర్లలో చెట్టు, కట్ట ఉన్నాయి. చేవెళ్ళ మండలంలోని కౌకుంట్ల పేరులో కుంట ఉంది. పాడుపడి జనం లేని ఊళ్ళు, మట్టికోటలు, గుళ్ళు కూడా పాత షీట్లలో గుర్తులుగా మిగిలాయి. అయితే పేర్లను యథాతథంగా నమ్మకూడదు. ఊరివాళ్ళు చెప్పిన పేరు ఉర్దూ దస్త్రంలోకి, అక్కడి నుంచి ఇంగ్లిషులోకి వెళ్ళి మళ్ళీ తెలుగులోకి వచ్చేసరికి అచ్చులు రాలిపోతాయి. ముడిమ్యాలను ఇంగ్లిషులో చివరి అచ్చు లేకుండా ‘ముడిమ్యాల్’ అని రాయడం అలాంటిదే. ఊళ్ళో పెద్దవాళ్ళ నోట విని సరిచూసుకోవాలి.

పాత కాగితం నుంచి కంప్యూటర్‌కు

పాత పటాన్ని కంప్యూటర్‌లో వాడాలంటే ముందు దాన్ని మడతలు లేకుండా స్కాన్ చేయాలి. తర్వాత పటం నాలుగు మూలల్లో అచ్చయి ఉన్న అక్షాంశ రేఖాంశాలను, లేదా అప్పుడూ ఇప్పుడూ కదలని గుడి, చెరువు అలుగు, త్రికోణమితి రాయి వంటి చోట్లను ఆధారంగా తీసుకుని, పటాన్ని నేటి భూగోళపు లెక్కకు కట్టాలి. ఆ తర్వాత వాగులు, చెరువులు, సమోన్నత రేఖల మీదుగా ఒక్కొక్కటిగా గీసుకుంటే అవి కొలవగలిగే సమాచారంగా మారతాయి. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇదంతా ఇంట్లో కూర్చుని చేయవచ్చు.

ఇందులో తరచూ జరిగే తప్పు ఒకటుంది. పాత షీట్లు ఎవరెస్ట్ 1830లో ఇచ్చిన భూగోళ ఆకారాన్ని అనుసరిస్తాయి. ఫోన్‌లోని జీపీఎస్ వేరే ఆకారాన్ని అనుసరిస్తుంది. రెంటికీ ఒకే అంకెలు వేస్తే హైదరాబాద్ ప్రాంతంలో చోటు వంద మీటర్లకు మించి పక్కకు జరుగుతుంది. చెరువు పొలంలో ఉన్నట్టు, బాట ఇంటి మీదుగా పోయినట్టు కనిపిస్తుంది. ఈ తేడాను సవరించాకే దేన్నైనా పోల్చాలి. తేమకు కాగితం సాగడం, మడతల దగ్గర గీత చెరగడం వంటివీ లెక్కలోకి తీసుకోవాలి.

ఎక్కడ దొరుకుతాయి, ఎలా చదవాలి

2005 జాతీయ పటాల విధానం సామాన్యుల కోసం టోపోషీట్లను ప్రత్యేక శ్రేణిగా తెచ్చింది. 2017 నుంచి సర్వే ఆఫ్ ఇండియా వాటిని ఇంటర్నెట్‌లో అందిస్తోంది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు పటాల తయారీ, వాడకంపై పాత కట్టుబాట్లను చాలావరకు సడలించాయి. హైదరాబాద్ ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ 1967 నుంచి ఈ విద్య నేర్పుతోంది. 1950లలో అమెరికా సైన్యం సర్వే ఆఫ్ ఇండియా షీట్ల ఆధారంగా 1:2,50,000 కొలతతో వేసిన భారతదేశపు పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం అందరికీ తెరిచి ఉంచింది. గ్రామ నక్షాలు, టిప్పన్లు, సేత్వార్ నకళ్ళకు సర్వే, భూరికార్డుల శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. నిజాం కాలపు దస్త్రాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

పటం చేతికి వచ్చాక ముందు చూడవలసింది మధ్యలోని బొమ్మను కాదు, అంచుల్లోని రాతను. సర్వే ఏ ఏడు జరిగింది, అచ్చు ఏ ఏడు పడింది, కొలత ఎంత, సమోన్నత రేఖల ఎడం అడుగుల్లోనా మీటర్లలోనా అన్నవి అక్కడే ఉంటాయి. అచ్చు తేదీ కంటే సర్వే తేదీ ముఖ్యం, ఎందుకంటే పటం చెప్పేది సర్వే జరిగిన నాటి నేల సంగతి. శిస్తు కోసం గీసిన నక్షాలో కొండ ఎత్తు దొరకదు, సైన్యం కోసం గీసిన షీటులో పొలం గట్టు దొరకదు. వాగు దారికి టోపోషీటును, గట్టుకు టిప్పన్‌ను, ఇవాళ్టి స్థితికి ఉపగ్రహ చిత్రాన్ని అడగాలి. మూడూ ఒకే మాట చెప్పిన చోట ఆ మాటను నమ్మవచ్చు. తేడా వచ్చిన చోట గొలుసు, మట్టం కొలిచే పరికరం పట్టుకుని, ప్లేన్ టేబుల్ మోసిన తొలి సర్వేయర్ లాగే నేల మీదికి వెళ్ళి చూడాలి.